ఏకాక్షిని రాసిందెవరు?

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన వాళ్ళం కొందరం సాయంత్రం పూట కూర్మన్నపాలెంలో ఒక టీ బడ్డీ దగ్గర చేరతాం. ఈ ముసలాళ్ళు మాట్లాడుకునేది మోకాళ్ళ నొప్పుల గురించీ, ప్రైవేటీకరణ గురించీ అని మా పిల్లల నమ్మకం. అవీ ఉంటాయి. కానీ ఆమధ్య ఒక సాయంత్రమంతా మేం దెబ్బలాడుకున్నది కంకాళం గురించి. కంకాళం ఎవడి నౌకరు, ఏకాక్షిదా, చతుర్నేత్రుడిదా? ఉక్కు తయారుచేసే కన్వర్టర్ మీద మా అందరికంటే ఎక్కువ కాలం పనిచేసిన సీనియరొకాయన చివరికి తేల్చాడు: కంకాళం, కాలభుజంగం ఏకాక్షివి, గుడ్లగూబ, నరవానరం చతుర్నేత్రుడివి. తగువు తీరింది. అరవైలు దాటి డెబ్భైల్లో పడుతున్న మనుషులం, చిన్నప్పుడు చదివిన కథలో మాంత్రికుల నౌకర్లను కూడా మర్చిపోలేదు. "సరే గానీ, ఆ కథ రాసిందెవరో చెప్పండి" అన్నాను. ఒకాయన చక్రపాణి అన్నాడు. ఇంకొకాయన "కుటుంబరావు కదేటి?" అన్నాడు. మిగిలినవాళ్ళు టీ తాగుతూ ఉండిపోయారు.

ఇద్దరూ కాదు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం.

ఇప్పటి పిల్లలకు, ఆ కథ వచ్చిన చందమామ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. 1947 జులైలో, స్వాతంత్ర్యం ఇంకా నెల రోజుల దూరంలో ఉండగా, నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల మాసపత్రిక అది. ముందు తెలుగు, తమిళం. తర్వాత ఒక్కొక్కటే పెరిగి డజను భాషలదాకా వెళ్ళింది. విక్రమార్కుడి భుజం మీద శవం, రామాయణ భారతాలు, రాజుల కథలు, తెలివైన కోడళ్ళ కథలు, వీటన్నిటి మధ్యా ఒక సీరియల్. నెల మొదట్లో పుస్తకం చేతికి రాగానే పెద్దవాళ్ళు ఏ పేజీ తెరిచేవాళ్ళో గానీ, పిల్లలం మాత్రం తిన్నగా ఆ సీరియల్ దగ్గరికే పోయేవాళ్ళం. 1954లో తోకచుక్కతో మొదలై, 1978లో ఆరంభమైన భల్లూక మాంత్రికుడు దాకా అలాంటివి పన్నెండు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఈ పన్నెండూ ఒక్క మనిషి రాసినవి. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

సుబ్రహ్మణ్యం గారు 1932 అక్టోబరు 25న తెనాలి తాలూకా పెదగాజులపల్లిలో పుట్టారు. చదువు చుండూరు, రేపల్లెల్లో. 1952లో, అంటే ఇరవై ఏళ్ళ ప్రాయంలో, చందమామ ఆఫీసులో చేరారు. కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రిక బాధ్యత తీసుకున్నదీ ఆ ఏడాదే. చక్రపాణిది తెనాలి వైపు, కుటుంబరావుది తెనాలి, ఈ కుర్రాడిదీ తెనాలి తాలూకా. మద్రాసులో కూర్చుని దేశం మొత్తానికి కథలు వండిన ఆ వంటింట్లో తెనాలి నీళ్ళే పారాయన్నమాట. సుబ్రహ్మణ్యం గారు ఆ కుర్చీ వదిలింది 2006లో. యాభై నాలుగేళ్ళు. మా ఫ్యాక్టరీలో అంత సర్వీసు ఉన్నవాడు ఒక్కడూ లేడు, ఉండడానికి రూల్సు కూడా ఒప్పుకోవు.

నేను పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో, హార్బరుకి కూతవేటు దూరంలో. మా నాన్న పోర్టులో కళాసీ. మాంగనీసు ఖనిజం ఓడకెత్తే రోజుల్లో ఇంటికొచ్చేసరికి మనిషి నల్లగా, కళ్ళు మాత్రం తెల్లగా కనిపించేవాడు. ఇంట్లో పత్రిక కొనే స్తోమతు లేదు. మా వీధి చివర సెలూన్‌లో మాత్రం చందమామ వేసేవాళ్ళు. క్షవరానికి వచ్చిన పెద్దమనుషుల కోసం ఆంధ్రప్రభ, వాళ్ళతో వచ్చే పిల్లలు కుదురుగా కూర్చోవడానికి చందమామ. క్షవరం పనిలేకపోయినా నేను పోయి బెంచీ చివర కూర్చునేవాణ్ణి. "పేజీ సిరిగిందంటే సూడు, గుంటడా" అనేవాడు షాపు మామ, కత్తి తోలుపట్టీ మీద సానపెడుతూ. చింపేవాణ్ణి కాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికి రాకాసిలోయ నడుస్తోంది. కేశవుడు, జయమల్లు, బ్రహ్మదండి మాంత్రికుడు. ఆ ముగ్గురి పేర్లే నా రెండో వాచకం.

తోకచుక్క నేను పుట్టకముందు వచ్చిన కథ. దాన్ని తర్వాత ఎవరింట్లోనో పాత సంచికలు కలిపి కుట్టించిన పుస్తకంలో చదివాను. కుండలినీ ద్వీపం అని ఒక ద్వీపం. అక్కడి సేనాని సమరసేనుడు. ఆకాశంలో తోకచుక్క పొడుస్తుంది, ఓడలు బయల్దేరతాయి, తెలియని ద్వీపం, అగ్నిపర్వతం, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి ఒకడు, నాలుగు కళ్ళ చతుర్నేత్రుడు మరొకడు, ఇద్దరి మధ్యా ధనరాశులున్న నావ కోసం పోరు. హార్బరు పక్కన పెరిగిన పిల్లాడికి ఇది పూర్తిగా కల్పన అనిపించదు. 1933 అక్టోబరులో మా పోర్టులోకి మొట్టమొదట వచ్చిన ఓడ పేరే జలదుర్గ. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి పాయలోకి ఓడ మలుపు తిరిగేటప్పుడు, ఆ కొండ వెనక సమరసేనుడి నావ కూడా ఉంటుందని మేం గట్టిగా నమ్మేవాళ్ళం. ఆ పుస్తకం రాసింది మా సముద్రం ఎరిగిన మనిషే అనుకున్నాను చాలాకాలం. తెనాలి మాగాణి నుంచి వచ్చిన మనిషని పెద్దయ్యాక తెలిసింది.

ఆయన పనితనం ఎక్కడుందో చూడాలంటే ఒక్క నెల భాగం ముందు పెట్టుకుంటే చాలు. మొదట 'చిత్ర' గారి బొమ్మ. మెలితిరిగిన మీసాలు, కండలు తేలిన ఎలుగుబంట్లు, ఊడలు దిగిన పాడుగుళ్ళు. పక్కన సన్నటి అక్షరాల్లో జరిగిన కథ, నాలుగైదు వాక్యాల్లో. పోయిన నెల సంచిక సెలూన్‌లో ఎవరో ఎత్తుకుపోయినా ఆ నాలుగు వాక్యాలతో మళ్ళీ కథలో పడొచ్చు. ఆ తర్వాత ఉపోద్ఘాతం ఉండదు. పోయిన నెల చెట్టెక్కినవాడు చెట్టు మీదే ఉంటాడు, కింద మృగం కిందే ఉంటుంది. రెండు పేరాల్లో వాణ్ణి దింపుతాడు, కానీ దింపినచోట అంతకంటే పెద్ద చిక్కు ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒక నవ్వు: మాంత్రికుడి మంత్రం తుస్సుమనడమో, భయపడాల్సినవాడు భయపెట్టాల్సినవాడితో బేరమాడటమో. ఆఖరి పేరాలో కొత్తవాడెవడో పొదల్లోంచి కేక వేస్తాడు. కింద 'ఇంకా ఉంది'. కొత్త సంచిక కోసం నెల రోజులు ఆగాలి.

ఇలా నెలకొకసారి, ఒక్కో సీరియల్ ఒకటి రెండేళ్ళు, రాకాసిలోయ లాంటిదైతే ఇంకా ఎక్కువే. ఏ నెల భాగం ఆ నెల చదివితే తృప్తిగా ఉండాలి, అన్నీ కలిపి చదివితే ఒక కథలా ఉండాలి. రాసి చూసినవాళ్ళకి తెలుస్తుంది ఈ రెండూ ఎంత ఎదురుబొదురు పనులో. నాకు తెలిసిన పెద్ద నవలాకారుల సీరియళ్ళలో కూడా మధ్యలో నాలుగైదు వారాలు ఉత్త నడకే ఉంటుంది. సుబ్రహ్మణ్యం గారి దగ్గర నడక తక్కువ, పరుగే ఎక్కువ. అది కొన్నిచోట్ల లోపం కూడా. పరుగెత్తీ పరుగెత్తీ మనుషుల మనసులోకి వెళ్ళే తీరికుండదు. ఆయన కథానాయకులు ఖడ్గవర్మకీ జీవదత్తుడికీ తేడా చెప్పమంటే, ఒకడి చేతిలో కత్తి ఉంటుంది, రెండోవాడి చేతిలో మంత్రదండం ఉంటుంది అనే చెప్తాను నేను. అంతకుమించి చెప్పడానికి ఆయన పెద్దగా ఏమీ ఇవ్వలేదు.

ఈ కథలు తెలుగులో పుట్టినా తెలుగుకే ఆగలేదు. ఉక్కునగరంలో మా పక్క క్వార్టరులో బరంపురం నుంచి వచ్చిన ఒడియా మిత్రుడొకడు ఉండేవాడు. నైట్ షిఫ్టులో పని మధ్య ఖాళీలో ఏదో మాటల్లో నేను చందమామ సంగతి ఎత్తితే, "జహ్నమాము మాదిరా, మీరే మా దగ్గర్నించి తీసుకున్నారు" అన్నాడు. జహ్నమాము చందమామ ఒడియా సంచిక. వాడు చిన్నప్పుడు చదివిన సీరియల్సు, నేను చదివినవి ఒకటే. బొమ్మలొకటే, మాంత్రికులొకటే. తమిళులకు అంబులిమామ, మరాఠీవాళ్ళకు చాందోబా. వాళ్ళూ ఇలాగే తమదే అసలనుకుంటూ పెరిగి ఉంటారు. రాజమండ్రి దాటి దక్షిణానికీ, ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికీ, అందరి కథా ఇదే అయిపోయింది.

అన్ని భాషలకూ సరిపోవాలంటే కథలో కొన్ని ఉండకూడదు. సమరసేనుడు, చిత్రసేనుడు, ఉగ్రాక్షుడు, విక్రమకేసరి, సిద్ధసాధకుడు: ఈ పేర్లు ఏ భాషలోకి వెళ్ళినా మార్చక్కర్లేదు. ఆయన కావాలనే అలా పెట్టి ఉంటారని నా ఊహ. ఊరి పేరు వినగానే ఇది ఫలానా జిల్లా అని గుర్తుపట్టేది ఒక్కటీ ఉండదు. ఆవకాయ ఉండదు, సంక్రాంతి ఉండదు, సామెతలు తక్కువ. తెలుగువాడు రాసిన కథల్లో తెలుగు వాసన ఇంత తక్కువ ఉండటం నాకు ఇప్పటికీ కొంచెం వెలితే. ముళ్ళపూడి వారి బుడుగుని ఒడియాలోకి తీసుకెళ్ళాలంటే సగం ఇక్కడే ఒలికిపోతాడు. అలాగని బుడుగు పోలేనంత దూరం సమరసేనుడు పోయాడనీ ఒప్పుకోవాలి.

సుబ్రహ్మణ్యం గారు హేతువాది. జీవితమంతా భూతప్రేత పిశాచాల గురించి రాసినాయన వాటిని ఇసుమంత కూడా నమ్మేవారు కాదు. ఈ సంగతి తెలిశాక మళ్ళీ చదివాను. అప్పుడు కనిపించింది, ఆ కథల్లో దేవుళ్ళు దాదాపు పనిచెయ్యరని. ఆపదలో హీరో ప్రార్థించడం, ఆకాశం చీలి చెయ్యి దిగిరావడం ఉండదు. మాంత్రికుడికి శక్తులుంటాయి, కానీ వాడికీ ఆకలేస్తుంది, భయమేస్తుంది, మతిమరుపొస్తుంది, శిష్యుడు మోసం చేస్తాడు. చివరికి గెలిచేవాడు కత్తితో పాటు బుర్ర కూడా వాడినవాడు. మా అమ్మ దెయ్యాల కథలు చెప్తే రాత్రి నిద్రపట్టేది కాదు. కపాలాలూ కంకాళాలూ ఉన్న ఈ సీరియల్ చదివితే మాత్రం హాయిగా పట్టేది. అప్పట్లో ఎందుకో తెలీదు. ఇప్పుడనిపిస్తుంది, దెయ్యాన్ని కూడా లెక్కగట్టి ఓడించొచ్చనే ధైర్యం ఆ కథల్లో ఉందని.

ఒకసారి ఈ మాంత్రికులకు పత్రికలోనే విరామం వచ్చింది. రాకాసిలోయ అయిపోయాక బంకించంద్రుడి దుర్గేశనందినిని పిల్లల కోసం సీరియల్‌గా వేశారు. అది గొప్ప నవలే, కాదనను. కానీ రాకాసిలోయలో గోమాంగులతో పరుగెత్తిన పిల్లల్ని తీసుకొచ్చి మొగలాయీల కాలపు కోటలో ప్రేమకథ దగ్గర కూర్చోబెడితే ఎలా? ఆ నెలల్లో నేను సెలూన్‌కి కూడా సరిగ్గా పోలేదు, జుట్టు పెరిగిపోయిందని మా నాన్న చేత తిట్లు తిన్నాను. 1966లో పాతాళదుర్గం మొదలైంది. ధూమకుడు, సోమకుడు వచ్చారు. మా వీధిలో బెంచీ మళ్ళీ నిండింది.

ఇక పేరు సంగతి. ఇది నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు, ఫ్యాక్టరీలో చేరాక అసలే పడలేదు. నేను పనిచేసింది స్టీల్ మెల్ట్ షాపులో. గోదావరి, కృష్ణ అని మా బ్లాస్ట్ ఫర్నేసులకు నదుల పేర్లు, మూడోదానికి అన్నపూర్ణ. అక్కణ్ణుంచి వచ్చిన వేడి లోహాన్ని కన్వర్టర్‌లో పోసి ఆక్సిజన్ ఊదితే ఒక విడత ఉక్కు తయారవుతుంది. ఆ విడతని హీట్ అంటాం. ప్రతి హీటుకీ ఒక నంబరు. ఆ నంబరు లేడిల్‌తో పాటు వెళ్తుంది, కాస్టర్‌లో బ్లూమ్ మీద పడుతుంది, మిల్లులో చువ్వగా సాగి లారీ ఎక్కేటప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ మీదా ఉంటుంది. ఎక్కడో వంతెన కడుతున్నవాడు ఆ నంబరు పట్టుకుని వెనక్కి వస్తే, ఏ రోజు ఏ షిఫ్టులో ఎవరి చేతిమీద అయిందో రికార్డు తీసి చెప్పగలం. ఇనపచువ్వకే అంత వంశవృక్షం ఉంది. ఇరవై నాలుగేళ్ళపాటు లక్షల మంది పిల్లలు నెలనెలా ఎదురుచూసిన కథకి హీట్ నంబరు లేదు.

ఇంకా చిత్రమేమిటంటే, అదే పేజీలో బొమ్మ కింద మూల 'చిత్ర' అని సంతకం ఉంటుంది. విక్రమార్కుడి బొమ్మ కింద 'శంకర్' అని ఉంటుంది. అట్ట మీద మన వడ్డాది పాపయ్య గారి 'వ.పా.' ఉంటుంది. పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరం మహారాజా కాలేజీలో డ్రాయింగు చెప్పి, అనకాపల్లి దాటగానే వచ్చే కశింకోటలో స్థిరపడ్డారు. మా వైపు మనిషి బొమ్మ వేసిన చందమామ అట్ట కింద ఆ రెండక్షరాలు వెతుక్కుని మురిసిపోవడం మా పిల్లతనపు గొప్పల్లో ఒకటి. బయటివాళ్ళు పంపిన చిన్న కథలకు కూడా తర్వాత్తర్వాత పేర్లు వేశారు. ఆఫీసులో కూర్చుని రాసేవాళ్ళకే లేవు. కుటుంబరావు గారు 1980లో పోయేదాకా అంత పత్రికనీ నడిపారు. రామాయణ భారతాలు ఆ తేట తెలుగులోకి దించింది ఆయనే. ఆయన పేరూ లోపల కనిపించదు. కాకపోతే ఆయనకు చదువు, కురూపి లాంటి నవలలున్నాయి, బయట పెద్ద పేరుంది. సుబ్రహ్మణ్యం గారికి ఈ సీరియళ్ళే అన్నీ.

జీతం ఇచ్చి రాయించుకున్నప్పుడు పేరెందుకు, అది సంస్థ పని అని కొందరంటారు. ఆ వాదన నేను ఫ్యాక్టరీలో చాలాసార్లు విన్నాను. సుబ్రహ్మణ్యం గారిది నిరాడంబరత్వం, ఆయనే పేరు కోరుకోలేదని ఇంకొందరంటారు. కోరుకోనివాడికి ఇవ్వకపోవడం చాలా సులువైన పని. నా మటుకు అది అన్యాయమే. పేరు అచ్చయి ఉంటే నష్టం ఎవరికీ లేదు, ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. పైగా పిల్లవాడు ఆ పేరు పట్టుకుని వెళ్ళి ఆయన రాసినవే ఇంకేమున్నాయని వెతుక్కునేవాడు. ఇష్టమైన రచయిత ఉండటమనే అనుభవం మాకు ఆ వయసులో దక్కలేదు.

ఈ మాట అన్నప్పుడు నాకు పోర్చుగల్ గుర్తుకొస్తుంది. మనలాగే సముద్రం పట్టుకుని బతికిన దేశం. అక్కడ సోఫియా ద మెల్లో బ్రైనర్ ఆండ్రెసెన్ అని ఒక కవయిత్రి ఉండేది. అయిదుగురు పిల్లల తల్లి. పిల్లలకు తట్టు పోసి ఇంట్లో పడుకున్నప్పుడు చదివి వినిపిద్దామని చూస్తే, ఉన్న పుస్తకాలేవీ నచ్చక తానే కథలు అల్లి చెప్పడం మొదలుపెట్టింది. సముద్రంలో ఉండే ఒక చిట్టి పిల్లకీ ఒడ్డునుండే అబ్బాయికీ స్నేహం గురించిన ఆమె కథ 1958లో పుస్తకంగా వచ్చింది. మనకు కంచుకోట వచ్చిన కాలమే. ఆ దేశంలో తరతరాల పిల్లలు అది చదివారు. 1999లో పోర్చుగీసు భాషలో అతిపెద్దదైన కమోయిష్ బహుమతి ఇచ్చారు. ఆమె 2004లో పోయింది. 2014లో ఆమె అస్థికల్ని లిస్బన్‌లోని జాతీయ స్మారక మందిరానికి తరలించారు, దేశాధ్యక్షుల సరసకు. అంతకంటే నాకు నచ్చింది మరొకటి: లిస్బన్‌లోని పెద్ద అక్వేరియం గోడల మీద, చేపలు చూస్తూ నడిచేవాళ్ళు చదువుకునేలా ఆమె సముద్ర కవితలు రాసిపెట్టారట.

మన బీచ్ రోడ్డులో శ్రీశ్రీ ఉన్నారు, గురజాడ ఉన్నారు. సుబ్రహ్మణ్యం గారికి కూడా విగ్రహం పెట్టమని నేనడగను. కాకులకి మరో గద్దె తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు. పుస్తకం అట్ట మీద పేరుంటే చాలు.

భల్లూక మాంత్రికుడి తర్వాత చందమామలో ఆయన కొత్త సీరియల్ రాలేదు. అంతకుముందే 1975లో చక్రపాణి పోయారు, 1978లో చిత్ర పోయారు, పత్రిక రుచి కూడా పురాణాల వైపు మళ్ళింది. ఆ తర్వాత పాతికేళ్ళపైన సుబ్రహ్మణ్యం గారు అదే ఆఫీసులో ఉన్నారు. వచ్చిన కథలు చదవడం, పనికొచ్చేవి ఏరడం, వంకరగా ఉన్నవాటిని సరిచెయ్యడం. మధ్యలో బయట కొంత రాశారు. బొమ్మరిల్లుకి మృత్యులోయ, పెద్దవాళ్ళ కోసం యువలో అగ్నిమాల. చందమామ ఆయన పాత సీరియళ్ళనే మళ్ళీ మళ్ళీ వేసుకుంది. రెండో తరం, మూడో తరం పిల్లలు అవే చదివారు, పేరు లేకుండానే. మా అబ్బాయి శిథిలాలయం అలాగే చదివాడు.

అభిమానులు వెతుక్కుంటూ వెళ్ళి ఆయన ఎవరో తెలుసుకోవడం, పత్రికల్లో ఆయన గురించి రాయడం చాలా ఆలస్యంగా మొదలైంది. అప్పటికి ఆయన డెబ్భై దాటారు. 2010 జనవరి 27న పోయారు. ఆ తర్వాత వాహినీ బుక్ ట్రస్ట్ ఆయన కథలు, మృత్యులోయ, అగ్నిమాల ఆయన పేరుతో పుస్తకాలుగా తెచ్చింది. చందమామ సంగతి అందరికీ తెలిసిందే. 2007లో చేతులు మారింది, 2013 ప్రాంతంలో ఆగిపోయింది.

మెచ్చుకోలుతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు చదివితే కొన్ని ఇబ్బందిగానే ఉంటాయి. ఆడవాళ్ళు తక్కువ. కాంతిమతి లాంటి రాకుమార్తె ఉంటే ఎత్తుకుపోబడటానికే ఉంటుంది. శిథిలాలయంలో నాగమల్లి కొంత నయం, తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. అడవి మనుషుల్ని చూపించే తీరు ఇంకో చిక్కు. అరకు, పాడేరు కొండల వాళ్ళతో కలిసి బతికే మా జిల్లాలవాళ్ళకి అది ఇంకా తెలుస్తుంది. గుంపులుగా కేకలేస్తూ వచ్చి బల్లేలు విసిరేవాళ్ళు, నరబలికి సిద్ధపడేవాళ్ళు. గోమాంగ్ అన్న మాట చదివినప్పుడల్లా నాకు సవర ఇళ్ళలో వినిపించే గొమాంగో ఇంటిపేరు గుర్తుకొస్తుంది. కానీ అదే మనిషి, 1968లో, శిథిలాలయంలో శబరుల గూడెం కుర్రాడు శిఖిముఖిని కథానాయకుణ్ణి చేసి, రాచకుర్రాడితో సమానంగా నడిపించాడు. శ్రీకాకుళం కొండల్లో సవరలు నిజంగానే విల్లంబులు పట్టిన రోజులవి. ఆ రెంటికీ ముడిపెట్టి నేను సిద్ధాంతాలు చెయ్యను గానీ, మా క్లాసులో కొండ నుంచి వచ్చి చదువుకున్న కుర్రాడొకడు శిఖిముఖి నేనే అని ఎగరడం నాకు తెలుసు.

ఈ తరం పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి నా సలహా: తోకచుక్కతో వద్దు. అందరూ అదే చెప్తారు, కానీ మొదటి కథ కాబట్టి అందులో చెయ్యి ఇంకా కుదురుకోలేదు. రాకాసిలోయ తియ్యండి, లేదా పాతాళదుర్గం. యక్షపర్వతం రెండో విడతలో. రాతిరథం నాకు అంత రుచించదు, మా ఒడియా మిత్రుడికి అదే ప్రాణం. బరంపురం నుంచి ఫోన్ చేసి ఇప్పటికీ తిడతాడు. పైకి చదివి వినిపించండి, ఎందుకంటే ఆ వాక్యాలు చిన్నవి, గొంతుకి బాగా అందుతాయి. మాంత్రికులకి వేరే గొంతు పెట్టండి, మొహమాటపడకండి. రోజుకి ఒక్క భాగమే. 'ఇంకా ఉంది' రాగానే పుస్తకం మూసెయ్యండి, పిల్లలు ఎంత గోలపెట్టినా సరే. మొదలుపెట్టేముందు మాత్రం కథ పేరు చెప్పినట్టే రాసినాయన పేరూ చెప్పండి.